పెద్దరాయి మీద బావ జెండా

మా అక్క మొగుడు కథలు బాగా చెబుతాడు. చర్చిలో ఆరాధన అయ్యాక ప్రేమ విందుకి అందరం షామియానా కింద వరసగా కూర్చుంటాం. బావ నోరు విప్పాడంటే వడ్డించేవాళ్ళు కూడా సాంబారు గరిటె పట్టుకుని నిలబడిపోతారు. ఆ రోజు ఆయన చెప్పిన కథ నా గురించి.

“మా మరదలు పెద్దరాయి సగం ఎక్కి కూలబడిపోనాది. ఒకటే ఏడుపు. ‘బావా, నన్నొగ్గీసి ఎల్లిపోకు బావా’ అని కాళ్ళు పట్టీసుకున్నాది. ఏటి సేస్తాను? గుంటని బుజానేసుకుని దింపీసినాను.”

విందంతా నవ్వింది. అక్క నవ్వింది. మా నాన్న నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

జరిగింది వేరు. రామతీర్థం దాటి కొంత దూరం పోతే పొలాల మధ్య ఒకే బండలా లేచిన కొండ ఉంది. మా వైపు పెద్దరాయి అంటారు. తూర్పున మేకలు తిరిగే బాట ఉంది. పడమటి ముఖం మాత్రం గోడ. నేను గవర్నమెంటు హైస్కూల్లో ఆటల టీచర్ని, చదువుకునే రోజుల్లో రాళ్ళెక్కడం పద్ధతిగా నేర్చుకున్నదాన్ని. బావ బ్యాంకులో పని చేస్తాడు, సెలవు రోజుల్లో స్నేహితులతో కొండలు తిరుగుతాడు. ఒక శనివారం నేనూ వాళ్ళతో వెళ్ళాను, మిగతావాళ్ళు మేకల బాట పట్టారు. బావ పడమటి వైపు ఎక్కుదామన్నాడు, ఇద్దరం మొదలుపెట్టాం.

సగం ఎత్తులో రాతికి నిలువుగా ఒక పగులు ఉంటుంది. అందులో చేతులు, పాదాలు ఇరికించి పైకి జరగాలి. ముందు వెళ్తున్న బావ అక్కడ బిగుసుకుపోయాడు. మోకాళ్ళు కుట్టుమిషను సూదిలా కొట్టుకుంటున్నాయి. “నానిక్కడే సచ్చిపోతానే” అన్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఆయనకి కాస్త కిందే గోడనంటుకుని, ఆయన మడమ నా చేత్తో పట్టుకుని ఒక్కో రాతి అంచు మీద పెట్టుకుంటూ నేల మీదికి దింపాను. సీసాలో నీళ్ళన్నీ తాగేసి, “ఇది మీ అక్కతో సెప్పకు” అన్నాడు. చెప్పలేదు. ఆయనే చెప్పాడు, తిరగేసి.

నేను విస్తరి ముందు నుంచి లేచాను. “అబద్ధం బావా. ఏడ్సింది నువ్వు.”

“సూసినారా? ఇప్పుడు కూడా ఏడుపొచ్చెస్తన్నాది” అన్నాడు. మళ్ళీ నవ్వులు. నాన్న నా చెయ్యి పట్టి లాగి, “కూకోయే, సరదాకన్నాడు” అన్నాడు.

సరదా అక్కడితో ఆగలేదు. మా సంఘంలోని ఒకావిడది మా స్కూలే. ఆమె నోటి నుంచి కథ స్టాఫ్ రూముకి చేరింది. స్పోర్ట్స్ డే నాడు హెడ్మాస్టరు గారు మైకులో, “టీచరుగారు స్టేజి మెట్లు ఎక్కగలరా, ఎవరినైనా పంపమంటారా?” అన్నారు. నేను పరుగు నేర్పిన ఆడపిల్లలు తల వంచుకున్నారు. వాళ్ళు నవ్వినా అంత బాధ ఉండేది కాదేమో.

తరవాతి చలికాలం బావ ఇంకో కథ తెచ్చాడు. ఒక్కడే వెళ్ళి పడమటి వైపు నుంచి పెద్దరాయి ఎక్కేశాడట. కొండ నెత్తిన ఎండు చెట్టుకి తెల్ల గుడ్డ మీద ఎర్ర సిలువ కుట్టిన జెండా కట్టి వచ్చాడట. చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు దేవునికి స్తోత్రం చెల్లించారు. నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. ఏడ్చి దిగిన మనిషి అక్కడ జెండా కట్టి ఉండడు. నాకా నమ్మకం ఉంది.

మేకల బాటన నడిచి వెళ్ళి చూసి రావచ్చు. అది నాకు చాలదు. ఆయన ఎక్కానని చెప్పుకున్న గోడే ఎక్కాలి, చలికాలంలోనే ఎక్కాలి, ఒక్కదాన్నే ఎక్కాలి. పక్కన మగమనిషి ఎవడున్నా వాడే నన్ను భుజాన వేసుకెళ్ళాడంటారు.

డిసెంబరులో ఒక ఉదయం స్కూటీ పొలం గట్టు పక్కన ఆపి నడిచాను. కోతలైపోయిన మళ్ళల్లో మంచు పొగలా పాకుతోంది. పడమటి ముఖానికి మధ్యాహ్నం దాకా ఎండ రాదు. రాయంతా మంచు చెమ్మ. ముట్టుకుంటే వేళ్ళు కొరికేస్తోంది. ఎండ వచ్చేదాకా ఆగడం తెలివైన పని. ఆ మాట పిల్లలకి రోజూ చెప్పేదాన్ని నేనే. కోపం ఆగనివ్వలేదు.

పగులు దాకా వేగంగానే వెళ్ళాను. అక్కడ మొదలైంది. లోపల పాచి పట్టి ఉంది. కుడి పాదం ఇరికించి బరువు వేయగానే జారింది. పిడికిలి పగులులో బిగిసి ఉండబట్టి ఆగాను. చేతి వెనక చర్మం లేచిపోయింది. కింద తాటిచెట్ల తలలు కనిపిస్తున్నాయి. తాడు లేదు. పిలిస్తే పలికేవాళ్ళు లేరు. ఫోన్ తీయడానికి ఖాళీ చెయ్యి లేదు.

అప్పుడు ఏడుపొచ్చింది. చలికి, నొప్పికి, భయానికి. ఏడుస్తున్నానని తెలిసి ఇంకా మండింది. ఈ కొండ మీద నేను ఏడ్చానన్న ఒక్క ముక్కైనా బావ కథలో నిజమైపోతోంది కదా అని. ఆ మంటతోనే ఎడమ పాదం ఇంకా లోపలికి దూర్చి, వేళ్ళు మెలిపెట్టి, కుడి పాదానికి పొడిరాయి వెతుక్కున్నాను. దొరికింది. కాస్త పైన నడుము ఆన్చే చోటు వస్తే ఫోన్ తీసి కింద గోడని, నెత్తురోడుతున్న నా చేతిని వీడియో తీశాను. నా వెక్కిళ్ళు కూడా అందులో పడ్డాయి. అక్కడి నుంచి పైకి రాయి కొంచెం వాలుగా ఉంటుంది. బావని తిట్టుకుంటూ ఎక్కాను. పైకే తిట్టాను. అంత మోటు మాటలు నాకొచ్చని నాకే తెలీదు.

కొండ నెత్తి మీద ఏమీ లేదు. జెండా కాదు, చెట్టే లేదు. బోడి బండ. గడ్డి పరకైనా లేదు. పగలబడి నవ్వాను. ఫోన్ పట్టుకుని గుండ్రంగా తిరిగి అంతా తీశాను.

దిగేటప్పుడు మేకల బాటన వచ్చాను. సగం దూరంలో ఒక ముసలమ్మ మేకలు తోలుకొస్తోంది. నా చెయ్యి చూసి ఆగిపోయింది.

“ఓలమ్మా, ఎటునుంచొచ్చినావే?”

“పడమటి దిక్కు నుంచి.”

“ఒక్కదానివేనా? మొగుడితో దెబ్బలాడినావేటి?”

“మా అక్క మొగుడితో.”

“అలగైతే ఎక్కుతావులే” అని కొంగున కట్టుకున్న జామకాయల్లో ఒకటి తీసి ఇచ్చింది.

క్రిస్మస్ విందులో కావాలనే బావకి ఎదురుగా కూర్చున్నాను. చుట్టూ అందరూ ఉన్నారు. చాలా మెత్తగా అడిగాను. “బావా, జెండా దేనికి కట్టినావన్నావు?”

“ఎండు సెట్టుకే. నాయంత ఎత్తుంటాది.”

“ఊడిపోదా?”

“తుఫానొచ్చినా ఊడదు. మూడు ముళ్ళేసినాను.”

ఫోన్ నాన్న చేతికిచ్చాను. “నువ్వే సూసి అందరికీ సెప్పు నాన్నా.”

నాన్న చూశాడు. ఫోన్ పక్కవాళ్ళకి, వాళ్ళ నుంచి ఆ పక్కకి వెళ్ళింది. “గాలికి ఎగిరిపోయుంటాది” అన్నాడు బావ.

“సెట్టు కూడానా బావా?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత అందరూ. ఈసారి నా మీద కాదు. గోడ మీద తీసిన వీడియో కూడా ఎవరో నొక్కారు, అందులోని వెక్కిళ్ళు వినబడగానే బావ తలెత్తాడు. ఆయన ఏదో అనేలోపు నేనే అన్నాను. “అది నా ఏడుపే. నాను ఏడుస్తూనే ఎక్కినాను. నువ్వు ఏడ్సి దిగిపోనావు.”

అన్నం కలిపిన చెయ్యి అలాగే ఉంచి, బావ విస్తరి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ దృశ్యం నాకు తీపిగా ఉంది. ఇప్పటికీ ఉంది.

చెయ్యి కడుక్కునే కొళాయి దగ్గర అక్క పట్టుకుంది. “ఇంటికొచ్చి నాతో సెప్పొచ్చు కదే. అందరి ముందా?”

“నా మీద నవ్వింది అందరి ముందే. నువ్వూ నవ్వినావు.”

అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వేసవి దాకా నాతో మాట్లాడలేదు. అది మాత్రం గుచ్చుకుంది, కాదనను. పాస్టరుగారు పిలిచి క్షమాపణ గురించి చాలాసేపు చెప్పారు. తల వంచుకుని అంతా విని, “నా మీద నవ్విన రోజు బావని పిలిసినారా అయ్యగారూ?” అన్నాను. ఆయన ప్రార్థన చేద్దామన్నారు. చేశాం.

బావ ఇప్పుడు విందుకి ఆగడు. ఆరాధన అవ్వగానే బండి ఎక్కేస్తాడు. మొన్న గేటు దగ్గర తప్పించుకోలేక నా ముందు ఆగాడు. గొంతు తగ్గించి, “ఒకసారి నన్ను తీసుకెల్తావేటే? ఆ పగులు దాటడం నేర్సుకోవాలి” అన్నాడు. మొహంలో వెటకారం లేదు.

“విందుకొచ్చి, అందరి ముందు అడుగు. అప్పుడు సెప్తాను.”

హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంకా అడగలేదు. ఇక చాలు వదిలెయ్యమంటున్నాడు నాన్న. ఆయన కూడా ఆ రోజు నవ్విన నవ్వు గురించి ఇంతవరకు ఒక్క మాట అనలేదు.