మీట నొక్కిన పెద్దాయన

2011లో నేను ఎం.టెక్ చదువుతూ, వినికిడి మిషన్ చిప్‌లో ఉండే యాంప్లిఫయర్ డిజైన్ చేసేదాన్ని. దానికి బిళ్ళ బ్యాటరీ ఒక్కటే ఆధారం. అదిచ్చేది ఒక ఓల్టు పైచిలుకు. ధ్వని పెంచాలని నేను కరెంటును ధారాళంగా వాడేశాను. బ్యాటరీదేముంది, మార్చుకుంటారులే అని నా ధీమా.

ఒక మధ్యాహ్నం నారాయణగూడలో బస్సెక్కితే, పక్క సీటులో పెద్దాయన చెవికి అలాంటి మిషనే ఉంది. ఆగలేక అడిగేశాను.

“మంచిగ వినిపిస్తదా తాతా?”

ఆయన నా పెదవుల వంక చూసి, చెవి వెనక వేలు పెట్టి మీట నొక్కాడు. “ఇగ చెప్పు బిడ్డా. బస్సుల బంద్ పెడ్త. ఈ హారన్ల కోసం బ్యాటరీ సెల్లు ఎందుకు ఖతం చేసుకోవాలె? ఇంటికాడ మా ముసల్ది ముచ్చట పెడ్తది, గప్పటికి ఉండాలె గద.”

“మరి ఇప్పుడెందుకు ఆన్ చేసిన్రు?”

“నువ్వేదో అడుగుతున్నవ్ గద!”

చిక్కడపల్లి దాకా నా యాంప్లిఫయర్ గురించే చెప్పాను. హారన్ మోగినప్పుడల్లా ముఖం చిట్లించాడు గానీ, మిషన్ మాత్రం ఆపలేదు. దిగేముందు నా తల నిమిరి, అప్పుడు ఆపుకున్నాడు.

ఆ సాయంత్రమే సర్క్యూట్ మళ్ళీ మొదటి నుంచి గీశాను. ఇప్పటికీ ఏ డిజైన్‌లోనైనా కాస్త కరెంటు మిగిల్చినప్పుడల్లా, ఎక్కడో ఒక ముసలమ్మ ఇంకో ముచ్చట మొదలుపెట్టినట్టు ఉంటుంది నాకు.