పాత వైరు కొస

ఆదివారాలు మేమిద్దరం పెనుకొండలో కలుస్తాం. నేను హిందూపురం నుంచి వస్తాను, అతను ధర్మవరం నుంచి. ఇద్దరివీ రోడ్డు సైకిళ్లే. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిలు. స్టాండు లేదు, క్యారియర్ లేదు. ఎవరు ముందొస్తే వాళ్లు బస్టాండు దగ్గర హోటల్లో రెండు టీలు చెప్పాలి. అంతకుమించి మా మధ్య నియమాలేవీ లేవు.

అతను పట్టుచీరలు నేస్తాడు. నేను దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్లకు పైగా కూర్చుని లేచినవాణ్ణి. గుంత మగ్గంలో కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తుంటే సైకిల్ తొక్కమని అతనికి ఎవరో చెప్పారట. నాకెవరూ చెప్పలేదు. పదవీ విరమణ తర్వాత పొద్దున్నే లేవడానికి ఏదో ఒక కారణం కావలసి వచ్చింది.

మొదటిసారి చూసినప్పుడు అతను పెనుకొండ దాటాక రోడ్డు పక్కన పంక్చరైన చక్రంతో కుస్తీ పడుతున్నాడు. రెండు చేతులకూ గ్లవ్స్. ఆ గ్లవ్స్‌తోనే టైరు కిందికి ప్లాస్టిక్ మీట దూర్చాలని చూస్తున్నాడు. ఆగాను.

"గ్లవ్స్ తీస్తే తొందరగా అవుతుంది కదన్నా," అన్నాను.

"ఈ చేతులు రేపు పట్టు ముట్టల్లప్పా," అన్నాడు తలెత్తకుండా. "చర్మం గరుకెక్కితే పోగు పట్టుకుంటాది. నలుపు అంటితే చీర పోతాది."

ఆ రోజు ట్యూబు నేను మార్చాను. అతను ఊరికే ఉండలేక నా వెనక చక్రం ఊచలను ఒక్కొక్కటీ వేలితో మీటి చూశాడు. "ఈ నాలుగూ వదులుగా ఉండాయి, ఇదొకటి మరీ బిగువు," అన్నాడు. అతను చెప్పినట్టు తిప్పితే, రెండేళ్లుగా బ్రేకుకు రాసుకుంటున్న చక్రం రాసుకోవడం మానేసింది. మగ్గం మీద పడుగు పోగుల బిగువు చూసే వేళ్లు అవి. అప్పటి నుంచి పని పంపకం కుదిరిపోయింది. ఇద్దరి ఊచలూ అతను చూస్తాడు, బిగించేది నేను. ఇద్దరి చైన్లూ నేను తుడిచి నూనె వేస్తాను. తుడవడానికి ఇంటి నుంచి పాత పేపర్లు తెస్తాను. వార్తలు ఎవరు చదివినా చదవకపోయినా, చైను నలుపును కాగితం బాగానే పీల్చుకుంటుంది.

టీ తాగాక కొండెక్కడం ఉండేది; చైన్ల పనీ ఊచల పనీ పైన ఆగినప్పుడే. కోట ఉన్న కొండ మీదికి రోడ్డు మెలికలు తిరుగుతూ పోతుంది. అతనికి ఆ కొండ అవసరం. కొండెక్కిన వారమంతా నడుము చెప్పిన మాట వింటుందనేవాడు. నేనూ అతని వెనకే ఎక్కేవాణ్ణి, మోకాలు మొరాయించేదాకా.

మోకాలు ఒక్కసారిగా పోలేదు. మూడో మలుపు దగ్గర మొదలయ్యే నొప్పి రెండో మలుపుకు దిగింది, తర్వాత మొదటి మలుపుకు. హిందూపురంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుగుకు ఎత్తి పట్టుకుని చూశాడు. "సైకిల్ మంచిదే సార్. కొండ మీద మీరు బరువుగా తొక్కుతున్నారు, అదీ సమస్య. తేలిగ్గా తిరిగే గేరు ఉంటే వేయించుకోండి. అప్పటికీ నొప్పి వస్తే సైకిల్ వదిలేయండి," అన్నాడు. ఒక్క వాక్యంలోనూ బేరానికి చోటివ్వని మనిషి.

కొన్ని వారాలు నేను కింద హోటల్లోనే కూర్చున్నాను. అతను ఒక్కడే ఎక్కి దిగేవాడు. తర్వాత సగం దాకా వెళ్లి తిరిగొచ్చేవాడు. ఆ తర్వాత, "ఈ పొద్దు నాకూ బద్ధకంగా ఉండాది లేప్పా," అని రెండో టీ చెప్పడం మొదలుపెట్టాడు. వరసగా ఐదు ఆదివారాలు అదే మాట. బద్ధకానికీ అతనికీ పరిచయం లేదని నాకు తెలుసు. నేను కింద కూర్చున్నంతకాలం అతను పైకి వెళ్లడు. నేను ఎక్కగలగాలి, లేదా రావడం మానేయాలి. ఈ లెక్క అతనితో చెప్పలేదు. గేరు మార్చి ఒక్కసారి కొండెక్కి చూస్తాను, మోకాలు ఒప్పుకోకపోతే సైకిల్ అమ్మేస్తాను అని నాకు నేనే గడువు పెట్టుకున్నాను.

వెనక చక్రానికి పెద్ద పళ్లచక్రాల వరస తెప్పించాను. చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి నెట్టే చేయి పాతది పొట్టిది, అంత పెద్ద చక్రాన్ని అందుకోదు. పొడుగుది తెప్పించాను. దాన్ని లాగే గేరు వైరు కొస అప్పటికే పోగులు విడిపోయి ఉంది కాబట్టి కొత్త వైరు కూడా. హాల్లో పేపర్లు పరిచి ఒక బుధవారం పొద్దున పని మొదలుపెట్టాను. పళ్లచక్రాలు సులభంగానే ఎక్కాయి. పొడుగు చేయి బిగించాను. కొత్త చైను కొలిచి తుంచాను. ఆ తర్వాత పాత వైరును హ్యాండిలు వైపు నుంచి సర్రున లాగేశాను.

ఈ తప్పు నాకు ఉద్యోగం నేర్పింది. పేజీలో కొత్త వార్త పెట్టాలంటే ముందు పాతది తీసేయాలి. ఖాళీ కనబడితే గానీ డెస్కు మనిషికి చేయి ఆడదు. కానీ నా సైకిల్లో ఆ వైరు బయట ఉండదు. హ్యాండిలు కింద నుంచి పెడల్ల దాకా వచ్చే ఏటవాలు గొట్టంలో పైన ఒక చిన్న రంధ్రంలో దూరి, కింద పెడల్ల దగ్గర ఇంకో రంధ్రంలోంచి బయటపడాలి. కొత్త వైరు పైన దూరింది. కింద బయటపడలేదు. గొట్టంలో గీసుకుంటూ తిరిగిన చప్పుడు మాత్రం వినిపించింది. టార్చి వేశాను. వైరు కొస వంచి చూశాను. పాత రేడియోలోని అయస్కాంతం పెట్టి లాగాను. ఆ స్టీలు వైరు అయస్కాంతాన్ని పట్టించుకోలేదు.

గురువారం మా వీధి చివర సైకిల్ షాపుకు తీసుకుపోయాను. షాపాయన చుట్టూ తిరిగి చూశాడు.

"మన సైకిళ్లకు నరాలు బయటుంటాయి సార్. దీనికి లోపల పెట్టినారు," అన్నాడు. "పాత వైరుండాలే, దాని వెంట పంపిద్దాం."

"తీసేశాను."

"ముందే తీసేసినారా?"

"తీసేశాను."

చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "అయితే బెంగళూరుకు తీసుకుపోండి సార్. లేదంటే వైరు లేకుండా తొక్కండి. మేమందరం ఒకే గేరులో తొక్కి పెద్దోళ్లయినోళ్లమే."

సాయంత్రం అతనికి ఫోను చేసి ఆదివారం రాలేనని చెప్పాను. ఎందుకని అడిగాడు, చెప్పాను. నవ్వు ఆపుకోవడానికి అతనికి కొంత సమయం పట్టింది.

"ట్రైన్లో ఏసుకొని ఈడికే రా. మా ఇంట్లో అతికే మనిషి ఉండాది," అన్నాడు.

శుక్రవారం చక్రాలు ఊడదీసి, సైకిల్ను పాత దుప్పట్లో చుట్టి ప్యాసింజర్ ఎక్కాను. ఎదురు సీటు పెద్దాయన దుప్పటి వైపు వేలు చూపించాడు.

"ఏమప్పా అది, మగ్గం సామానా?"

"సైకిలండీ. రిపేరుకు ధర్మవరం తీసుకుపోతున్నా."

"సైకిల్ నిన్ను మోయల్ల గానీ నువ్వు దాన్ని మోస్తాండావేమప్పా?" అని ఆయన పక్కవాళ్లందరి వైపూ చూశాడు. పెనుకొండ స్టేషను వచ్చేదాకా ఆ పెట్టెలో అందరికీ అదే కాలక్షేపం.

అతని ఇల్లు వీధిలో మగ్గాల చప్పుడు మధ్య ఉంటుంది. అతని మగ్గం మాత్రం ఆ రోజు ఆగి ఉంది. చీరల పడుగు అయిపోయి కొత్త పడుగు అతుకుతున్నారు. అతని భార్య మగ్గం వెనక నేల మీద కూర్చుని ఉంది. పాత పడుగు కొసలు ఒక వైపు, కొత్త పడుగు కొసలు ఒక వైపు. పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి తీసుకుని రెండు వేళ్ల మధ్య పురి పెట్టి వదిలేస్తోంది. పక్కనే చిన్న డబ్బాలో విభూతి; వేళ్లు జారకుండా మధ్యమధ్యలో అద్దుకుంటోంది. వేల పోగులు. వీధిలో సగం మగ్గాలకు ఆ పని ఆమే చేస్తుందట. నేను గడపలో కాలు పెట్టబోయాను.

"ఆడే ఆగన్నా. చేతులు చూపీ," అంది.

రెండు వైపులా చూపించాను.

"గోళ్లల్లో నలుపుండాది. వసారా దాటొద్దు."

వసారాలో గోనెసంచి పరిచి సైకిల్ను తలకిందులుగా పెట్టాను. ఆమె చేతిలోని వరస ముగించుకుని వచ్చింది. పైన రంధ్రం, కింద రంధ్రం చూసింది.

"పాత వైరు యాడ?"

"హిందూపురంలో పారేశానమ్మా."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఇంత చదివిన పేపరాయన పాతది లాగేసి పారేసినాడంట. చీర దిగినాక పాత పోగులు కోసి పారేస్తే కొత్త పడుగు అచ్చు కళ్లల్లోకి ఎట్ల పోతాది? ఒక్కో పోగూ ఒక్కో కంట్లో దూర్చుకుంటా కూసోవల్ల, మళ్లీ పండగ దాకా."

"నాకేం చెప్తావు, ఆయప్పకు చెప్పు," అన్నాడతను. గ్లవ్స్ వేసుకుని దూరంగా నిలబడ్డాడు.

మగ్గం పైన డిజైను పెట్టె మీద దుమ్ము ఊదడానికి వాళ్ల దగ్గర కరెంటు బ్లోయరు ఉంది. ఆమె సన్నటి పట్టుపోగు ఒకటి తెచ్చి దాని కొసకు దూదంత పట్టు పీచు చుట్టింది. దాన్ని పై రంధ్రంలో పెట్టి బ్లోయరు మూతి ఆనించమంది. అతను స్విచ్చి వేశాడు. పోగు సర్రున లోపలికి పోయింది. నేను కింద రంధ్రం దగ్గర కాపు కాశాను. పోగు అక్కడ రాలేదు. గొట్టం మధ్యలో నీళ్ల సీసా బిగించే బోల్టులు నేను విప్పి పెట్టిన రెండు రంధ్రాల్లో ఒకదాంట్లోంచి తల బయట పెట్టింది.

"గాలి యాడ తేలిగ్గా పోతే పోగూ ఆడికే పోతాది," అంది ఆమె. "మీ ఇద్దరూ ఊరికే నిలబడకుండా ఆ రంధ్రాలు మూయండి."

అతను రెండు రంధ్రాల మీదా రెండు వేళ్లు పెట్టి వంగాడు.

"పిల్లనగ్రోవి వాయిస్తాండావా?" అంది ఆమె. "గట్టిగా నొక్కు."

రెండోసారి వేశాం. పెడల్ల కింద రంధ్రంలోంచి చిన్న పీచు తోక వణుకుతూ బయటికి వచ్చింది. గోళ్లతో పట్టుకుని లాగాను. పోగు అటు చివర పైన ఉంది, ఇటు చివర నా చేతిలో ఉంది.

పై కొసను కొత్త వైరుకు ముడి వేయబోయాను. ఆమె చేయి అడ్డం పెట్టింది. "ముడి ఏస్తే సందులో తగులుకుంటాది. పురి పెట్టల్ల." వేళ్లకు విభూతి అద్దుకుని పట్టుపోగును వైరు పొడవునా చుట్టి, పైన మైనం రాసింది. చూస్తే అతుకు ఎక్కడుందో తెలియలేదు. కింది నుంచి మెల్లగా లాగాను. వైరు ఒకచోట ఆగింది, సైకిల్ను కాస్త ఊపితే మళ్లీ కదిలింది, బయటికి వచ్చింది. బుధవారం నుంచి నేను చేస్తున్న పని అంతా కలిపి టీ చల్లారేంత సేపట్లో అయిపోయింది.

గేర్లు సరిచేసుకుని, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, గోళ్లు ఇంకోసారి చూపించాక భోజనానికి లోపలికి రానిచ్చారు. సంగటి, శనక్కాయల చట్నీ. అతను నీళ్లకు లేచి వెళ్లినప్పుడు ఆమె గొంతు తగ్గించింది.

"కొండెక్కడం ఎందుకు మానినారన్నా? ఈయప్ప మగ్గంలో గంటకొకసారి లేసి గోడ పట్టుకొని నిలబడతాండాడు. అడిగితే ఏమీలేదంటాడు."

"ఈ ఆదివారం ఎక్కుతాం," అన్నాను. వచ్చేటప్పుడు ఆమె ఒక పిడికెడు తెగిన పట్టుపోగులు కాగితంలో చుట్టి ఇచ్చింది. "ఈసారి పాత కొసకు కట్టి లాగన్నా," అంది.

ఆదివారం నేనే ముందు చేరి రెండు టీలు చెప్పాను. అతను వచ్చి తాగి, అలవాటు కొద్దీ రెండోది చెప్పబోయాడు. నేను హెల్మెట్ పెట్టుకున్నాను. నన్నొకసారి చూసి ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

మొదటి మలుపుకు ముందే పెద్ద పళ్లచక్రం మీదికి వేశాను. కొత్త వైరు ఒక్క క్లిక్కుకు అందుకుంది. కాళ్లు గాలిలో తిరుగుతున్నట్టు తేలిపోయాయి, సైకిల్ మాత్రం దాదాపు నిలబడిపోయింది. అతను ముందుకు వెళ్లిపోయాడు. మేకలను తోలుకుంటూ పైకి పోతున్న ఒక మనిషి నాకు సమానంగా నడిచాడు, కాసేపటికి నన్ను దాటాడు.

"ఏమబ్బా, దిగి నడిస్తే ఇంకా తొందరగా పోతావు గదా?" అన్నాడు.

"తొందర లేదు," అన్నాను. అంతకన్నా మాట్లాడే ఊపిరి లేదు.

రెండో మలుపు దాటింది. మూడోది దాటింది. మోకాలు ఎప్పుడు పలుకుతుందా అని చెవి అటే వేసుకుని తొక్కాను. కొంచెం బిగిసింది, పలకలేదు. ఆ తర్వాత మలుపులు లెక్కపెట్టడం మానేశాను. మేకలు రోడ్డు దిగి పొదల్లోకి పోయాయి.

పైన కోట గోడ నీడలో అతను సైకిల్‌ను గోడకు ఆనించి, నడుము మీద రెండు చేతులూ పెట్టుకుని వెనక్కి వంగి ఉన్నాడు. నన్ను చూసి నిటారుగా నిలబడ్డాడు. గ్లవ్స్ వేసిన చేత్తో తన చైను చూపించాడు.

"రెండు నెలలైంది నువ్వు దీన్ని చూసి. కీచుమంటాండాది," అన్నాడు.

జేబులోంచి పాత పేపరూ నూనె సీసా తీశాను. నేను కూర్చుని అతని చైను తుడుస్తుంటే అతను నా ఊచలు మీటుతూ పోయాడు.