కిటికీ పక్క బెంచీ

ఆ రోజుల్లో కాలేజీకి వెళ్లడమన్నది మన ఇష్టం మీద ఉండేది. కరోనా సద్దుమణిగి తలుపులు తెరిచిన కొత్తలో, పాఠం గదిలోనూ జరుగుతుంది, ఫోన్లోనూ వస్తుంది, ఎక్కడ వింటారో మీరే తేల్చుకోండి అన్నారు. తేల్చుకోవడానికి మాకు ఎంతోసేపు పట్టలేదు. మంచం మీద వాలి, దిండుకి ఫోను ఆనించి, మరమరాలు నములుతూ చదువుకునే యోగం మళ్లీ వస్తుందా? (మొదటి ఏడాది లెక్కల పేపరు అప్పటికే తప్పి ఉన్నాను. ఈసారి కూడా పోతే చదువు చాలించి తనతో పాటు చేపల గంప ఎత్తాలని అమ్మ ముందే చెప్పేసింది. ఆ గంప తలచుకున్నప్పుడల్లా నాకు మెడ నొప్పి వచ్చేది.)

లెక్కల మాస్టారిని మేం ‘అర్థమైందా మాస్టారు’ అనేవాళ్లం, వాక్యానికోసారి ఆ మాట అంటారని. ఫోన్లో బోర్డు, ఆయన, కిటికీ పక్క బెంచీ ఒకటి కనిపించేవి. బెంచీ మీద ఎవరూ ఉండరు. ఆయన మాత్రం లెక్క మధ్యలో ఆగి, ఆ బెంచీ వైపు తిరిగి, ‘ఏమ్మా, ఇక్కడే కదా నీకు తిరకాసు’ అని, జవాబు వింటున్నట్టు కాసేపు నిలబడి, తల ఊపి, మళ్లీ మొదటినుంచి చెప్పేవారు. ఒకరోజు అటు చూసి నవ్వారు కూడా. ఆ గది కరోనా వార్డుగా ఉండేదని, సరిగ్గా ఆ కిటికీ పక్కనే ఒక మంచం ఉండేదని పాతపట్నం నుంచి మా ‘రేడియో’ వార్త పంపింది. (స్నేహితురాలే. ఏ కబురూ దాని కడుపులో నిలవదు.) అప్పటినుంచి మేమంతా లెక్క మానేసి బెంచీని చూడడం మొదలుపెట్టాం.

దుప్పటి కప్పుకుని వణుకుతూ పాఠం వింటున్న నన్ను చూసి అమ్మ సంగతి అడిగింది. చెప్పాను. గంప దించి నింపాదిగా అంది:

“దెయ్యానికి అరదమవతన్నాది, నీకే అవ్వట్లేదన్నమాట. మొప్ప ఎత్తి సూడకుండా సేప కొంతామేటే? సదువూ అంతే. రేపు ఎల్లి ఎదురుగా కూకో.”

మర్నాడు ఒకటే వాన. పగలే దీపాలేసుకుని వచ్చిన శ్రీకాకుళం బస్సు నన్నొక్కదాన్నే కాలేజీ దగ్గర దింపి, హారను కొట్టి పోయింది. వరండాలో వార్డు రోజుల ఎర్ర బాణాలు ఇంకా చెరగలేదు. గదుల తలుపుల మీద మంచాల నంబర్లు అలాగే ఉన్నాయి. చివరి గదిలోంచి మాస్టారి గొంతు వినిపిస్తోంది. నేనింకా గుమ్మం చేరనేలేదు, లోపల్నుంచి ‘రామ్మా, వచ్చి కూర్చో’ అన్నారు. తొంగి చూస్తే ఆయన ముఖం బోర్డు వైపే ఉంది.

బెంచీలన్నీ వెనక గోడకి పేర్చేసి ఉన్నాయి. మిగిలింది అదొక్కటే. మాస్కు, నుదుటి దాకా దిగిన రెయిన్‌కోటు టోపీ తియ్యకుండానే దాని చివర ఒదిగి, మిగతా సగం ఎవరిదో వాళ్లకి వదిలేసి కూర్చున్నాను. చల్లగా ఉంది బెంచీ. ఫోను వణికింది. రేడియో: ‘కాలేజీకి ఎల్తానన్నావు, ఎక్కడున్నావే? బెంచీ ఖాళీగానే ఉంది.’ బెంచీ మీదే ఉన్నానని కొట్టాను. ‘అక్కడ నువ్వు లేవే. సూస్తన్నాను కదా’ అంది. నా చేతులు నేనే తిప్పి చూసుకున్నాను. (ఫోన్లో పాఠం ఒకట్రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తుందన్న జ్ఞానం తర్వాత కలిగింది.) కాసేపటికి ‘అమ్మో, ఏదో వచ్చి కూకుంది. దానికి మొహం లేదు’ అని రాసి, రేడియో మా క్లాసు వాట్సాప్ గ్రూపులోంచే వెళ్లిపోయింది.

అప్పుడే మాస్టారు లెక్క ఆపి నా వైపు తిరిగారు. ‘ఏమ్మా, ఇక్కడే కదా నీకు తిరకాసు.’ నిజంగా అక్కడే. మళ్లీ మొదటినుంచి చెప్పారు, అర్థమైంది. పాఠం అయ్యాక ధైర్యం కూడదీసుకుని, ఇక్కడ రోజూ ఎవరు కూర్చుంటారండీ అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశారు.

“నువ్వే కదమ్మా. కాలేజీ మూసీకముందు అక్కడే కూకునీదానివి. ఫోనుకి మొహముండదు, ఎక్కడ ఆగాలో నాకెలాగ తెలస్తాది? నువ్వు నొసలు ముడిసిన కాడ ఆగతన్నాను. మీ బస్సు హారను వినబడితే రమ్మంతాను. రోజూ అంతే.”

వార్డు చేసి మార్చేసిన ఆ గదిలో నా పాత చోటుని నేనే గుర్తుపట్టలేదు. ఇన్నాళ్లూ దుప్పట్లో దాక్కుని నేను భయపడింది నాకే. నవ్వు రావలసిన చోట ఏడుపొచ్చింది. ఆ తర్వాత రోజూ వెళ్లాను. పేపరు గట్టెక్కింది, గంప తప్పింది.

ఇప్పుడు విశాఖలో కెమెరా ముందు నిలబడి లెక్కలు చెబుతున్నాను. లెక్క మధ్యలో ఆగి పక్కకి చూస్తుంటే, అక్కడెవరున్నారు మేడం అని కెమెరా అమ్మాయి బెదిరిపోతుంది. ఎవరూ లేరని నవ్వేస్తాను. తడిసిన రెయిన్‌కోటుతో, సగం చోటు వదిలేసి ఒదిగి కూర్చున్న పిల్ల ఒకతె నొసలు ముడుస్తుంది. దానికి అర్థమయ్యేదాకా ఆగుతాను.