విల్బర్ట్ చెప్పిన మంచిమాట

విల్బర్ట్ గేన్స్ ముప్పై ఒక్క ఏళ్లుగా ఓవెన్స్‌బరోలో ఒక చిన్న కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు బట్టలు ఉతుకుతున్నాడు. ఉద్యోగం కాగితం మీద సామాను మేనేజరని రాసి ఉంటుంది. చేసేది మాత్రం ఉతకడమే. బూట్లు, బంతులు, తువ్వాళ్లు, నీళ్ల సీసాలు కూడా అతని నెత్తినే ఉంటాయి. అంతకుముందు ఆరేళ్లు విస్కీ పీపాలు దొర్లించే గోడౌనులో పనిచేశాడు. అక్కడ నడుము పోగొట్టుకుని ఇక్కడికి వచ్చాడు. ఇక్కడ ముక్కు పోగొట్టుకున్నాడని అతని భార్య ఎర్లీన్ అంటుంది. పొయ్యి మీద చిక్కుళ్లు మాడిపోతున్నా ఆయనకు వాసన తెలియదట.

జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో నంబరు పట్టీ ఉంటుంది. ప్రాక్టీసు అయ్యాక చెమట బట్టలన్నీ ఆ పట్టీకి గుచ్చి తొట్టిలో పడేస్తారు. విల్బర్ట్ దాన్ని విప్పకుండా అలాగే మిషన్లో వేస్తాడు. ఎవడు ఒళ్లు వంచాడో, ఎవడు గోడకానుకుని పొద్దుపుచ్చాడో పట్టీ చేత్తో ఎత్తి, చెమట బరువును బట్టి చెప్పేస్తాడు. అతని కాలంలో ఏడుగురు కోచ్‌లు మారారు. ఏ కోచ్ మాటా అతను పెద్దగా పట్టించుకోలేదు. ఆటగాణ్ణి కొలవడానికి అతని దగ్గర ఉన్నది ఒకే ఒక్క కొలత, నొప్పి బయటపెడతాడా లేదా అన్నది. తను హైస్కూల్లో విరిగిన వేలితో రెండు ఆటలు ఆడాడు. ఆ వేలు ఇప్పటికీ వంకరే. కొత్తగా చేరిన ప్రతివాడికీ దాన్ని చూపిస్తాడు.

ఆ కొలతలో జవారిస్ బోగన్‌ను మించినవాణ్ణి విల్బర్ట్ చూడలేదు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి, కాలేజీలో మూడో సంవత్సరం. తల్లి కోళ్ల ఫ్యాక్టరీలో రెక్కలు కోసే లైన్లో నిలబడి వాణ్ణి పెంచింది. ఆ ఏప్రిల్లో జవారిస్ డ్రాఫ్టుకు పేరిచ్చాడు. జూన్లో జీతాలిచ్చి ఆడించే పెద్ద జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకుంటాయి. మొదటి ముప్పైలో పడితే ఒప్పందం ఖాయం, ఆ తర్వాత పడితే ఎవరూ దేనికీ పూచీ ఉండరు. పేరిచ్చినవాడు మే నెలాఖరులోపు వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోకపోతే కాలేజీ ఆట అంతటితో సరి. ఒక జట్టు జవారిస్ ఏజెంటుతో, "ఇరవై ఆరోది మా వంతు, అప్పటిదాకా మిగిలుంటే మీవాణ్ణి వదలం" అంది. కోచ్ మాత్రం జట్టులో వాడి చోటు ఎంతో కాలం ఖాళీగా ఉంచలేనన్నాడు. మే చివరి బుధవారం మధ్యాహ్నం పన్నెండులోపు ఏదో ఒకటి తేల్చమన్నాడు.

అంతకు పది రోజుల ముందు ఆ జట్టుకు ఆటగాళ్లను వెతికిపెట్టే స్కౌటు హార్ట్‌సాక్ వచ్చాడు. స్కౌట్లు ఆట చూసి ఊరుకోరు, మనిషి గురించి ఆరా తీస్తారు. అందుకు కోచ్ దగ్గరికి పోరు. బస్సు డ్రైవరు, క్యాంటీన్లో వడ్డించే ఆవిడ, బట్టలుతికేవాడు, వీళ్ల దగ్గరికి డోనట్లు పట్టుకుని వస్తారు. హార్ట్‌సాక్ డజను తెచ్చి మిషన్ మీద పెట్టాడు.

"గేన్స్ గారూ, మీరు చెప్తేనే నేను నమ్ముతా. కోచ్‌నడిగితే అందరూ బంగారమే."

"బంగారం అననండీ. బంగారం మెత్తన. వీడు ఇనుము."

"ప్రాక్టీసు ఎగ్గొడతాడా?"

"వీడా?" విల్బర్ట్‌కు కోపం వచ్చినంత పనైంది. "జనవరి నుంచి కుంటుతూ కూడా ఒక్కరోజు మానలేదు. ఎడమ కాలికి రెండు మేజోళ్లు తొడుగుతాడు. ఆ కాలికి బూటు అర సైజు పెద్దదిమ్మన్నాడు. ఎందుకని నేనడగలా, వాడూ చెప్పలా. అందరూ పోయాక ఐసు బకెట్లో కాలు పెట్టుకుని కూచుంటాడు. మూలగడం కూడా చేతకాదు వాడికి. అట్లాంటోడు మీకు ఇంకెక్కడ దొరుకుతాడు?"

హార్ట్‌సాక్ నమలడం ఆపాడు.

"ఎడమ కాలా?"

"ఎడమే."

"వేళ్ల దగ్గరా, మడమా?"

"మధ్యలో, పైన. అక్కడే నొక్కుకుంటాడు."

హార్ట్‌సాక్ అప్పటిదాకా జేబులోంచి తియ్యని పుస్తకం తీసి రెండు ముక్కలు రాసుకున్నాడు. రాసుకున్నాడంటే తన మాట పనిచేసిందనుకున్నాడు విల్బర్ట్. మిగిలిన డోనట్లు ఇంటికి పట్టుకెళ్లి, ఎర్లీన్‌కు సంగతంతా గొప్పగా చెప్పాడు.

ఎర్లీన్ చేతిలో ప్లేటు కింద పెట్టింది. "కాలు నొప్పని చెప్పావా?"

"నొప్పితో ఆడాడని చెప్పా. తేడా లేదూ?"

"నీకుంది తేడా. మా నాన్న గుర్రాల వేలంలో పన్నెండేళ్లు చేశాడయ్యా. కొనడానికొచ్చినవాళ్లు గుర్రం మంచిదా కాదా అని ఏనాడూ అడగలేదు. వంగి కాళ్లు చూసేవాళ్లు."

"ఇది గుర్రం కాదు."

"నాకు చెప్తావేం? ఆ డోనట్లు తెచ్చినోడికి చెప్పు."

విల్బర్ట్ ఆ మాటకు అలిగి రెండు రోజులు ఎర్లీన్‌తో ముక్తసరిగా మాట్లాడాడు. తర్వాత మరిచిపోయాడు. మరిచిపోయాననుకున్నాడు.

మంగళవారం పొద్దున్న జవారిస్ జట్లు పరీక్షకు పిలిచిన ఊళ్లు తిరిగి వచ్చి, సంచీ తొట్టి పక్కన పడేసి, బల్ల మీద కూలబడ్డాడు.

"ఏరా, దొరగారూ! ఎట్లా జరిగింది?"

"పాదం చూశారు బాబాయ్. మూడు జట్లూ పాదమే చూశాయి. ఇరవై ఆరు అన్నవాళ్లయితే గంటన్నర స్కానింగు మిషన్లో పడుకోబెట్టారు. బంతి పట్టుకుంది పావుగంట. ఇప్పుడు ఫోనెత్తట్లేదు."

"డాక్టరేమన్నాడు?"

"నాకేం చెప్తాడు? వాళ్ల డాక్టరు వాళ్లకి చెప్తాడు. మా ఏజెంటు మాత్రం ఇది మామూలే, కంగారు పడకు అంటున్నాడు. వాడికి మాత్రం ఏం తెలుసు?" జవారిస్ ఎడమ బూటు విప్పకుండానే దాని మీద చెయ్యి వేసుకున్నాడు. "ఎవరో చెప్పారు. ఎవరో ఏంటి, డెలానీయే. ఫిజియో కాకపోతే ఎవరికి తెలుస్తుంది? ఫిబ్రవరిలో నన్ను ఒకసారి అడిగింది కూడా, కాలు బానే ఉందా అని. నేను బానే ఉందన్నా. దొంగ మొహంది."

"నువ్వు బానే ఉందంటే ఆవిడేం చెప్తుంది?"

"చెప్పింది. ఆవిడున్న చోటికి నేను మళ్లీ రాను బాబాయ్. పేరు వెనక్కి తీసుకోను. యాభయ్యోది రానీ, అసలు రాకపోనీ. పోతా."

విల్బర్ట్ తువ్వాళ్లు మడతపెడుతున్నాడు. డెలానీ ఆ వేసవిలో ఎలాగూ వేరే ఊరు ఉద్యోగానికి వెళ్లిపోతోంది. నింద ఆవిడ మీద ఉంటే ఆవిడకు తెలియను కూడా తెలియదు. హార్ట్‌సాక్ ఎవరికీ చెప్పడు, చెబితే ఇంకెవరూ అతనితో నోరు విప్పరు. జవారిస్ జూన్లో వెళ్లిపోతాడు, వచ్చినప్పుడు కౌగిలించుకుంటాడు. విల్బర్ట్ నాలుగు తువ్వాళ్లు మడతపెట్టాడు. అయిదోది చేతిలోనే ఉండిపోయింది.

"డెలానీ కాదురా. నేను."

"ఏంటి నువ్వు?"

"నేనే చెప్పా. ఆ హార్ట్‌సాక్‌కి. రెండు మేజోళ్లూ, ఐసూ, అన్నీ. నిన్ను పొగుడుతున్నాననుకున్నా."

జవారిస్ నవ్వబోయాడు. విల్బర్ట్ మొహం చూసి ఆపేశాడు.

"పొగుడుతూ?"

"నొప్పి దాచుకుని ఆడాడని."

"దాచుకున్నాననే కదయ్యా! దాచుకున్నదాన్ని చెప్తారా ఎవరైనా?" బల్ల తన్ని లేచాడు. కుడి కాలితోనే తన్నాడు. "ఎవరికీ తెలీకూడదనుకున్నా. మా అమ్మకీ చెప్పలా. నువ్వు డోనట్లకి చెప్పేశావ్."

"డోనట్లకి కాదు."

"మరి దేనికి?"

జవారిస్ సంచీ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. విల్బర్ట్ డెలానీ గదికి వెళ్లి ఆవిడకు సంగతంతా చెప్పాడు. ఇంతకాలం తనకెందుకు చెప్పలేదని ఆవిడ అడిగింది. తను వంకర వేలు మనిషినన్నాడు. ఆవిడకు అర్థం కాలేదు. అయినా ఆసుపత్రికి ఫోన్ చేసి, మర్నాడు తొమ్మిదిన్నరకు జవారిస్ పేరు రాయించింది.

బుధవారం తొమ్మిదింటికి జవారిస్ విల్బర్ట్ ఇంటి ముందు నిలబడి ఉన్నాడు.

"డెలానీ మెసేజి పెట్టింది. కారు తియ్యి."

"వస్తా, ఉండు."

"క్షమించాననుకోకు. నాకు కారు లేదు, అంతే."

ఆసుపత్రిలో డాక్టరు తెర మీద పాదం ఎముకల బొమ్మ పెట్టి, మధ్య ఎముకలో సన్నటి గీత చూపించాడు. గీత అటునుంచి ఇటు దాకా రాలేదు. ఇంకో నెల రోజులు దానిమీద ఎగిరితే వచ్చేదన్నాడు. మరమేకు వేసి బిగిస్తే నాలుగైదు నెలలు ఆట ఉండదని, తర్వాత ఆడొచ్చని, విరిగిపోయాక వస్తే తను ఏ మాటా ఇవ్వలేకపోయేవాడినని చెప్పాడు.

"ఈ గీత వాళ్లకీ కనపడి ఉంటుందా?" అన్నాడు జవారిస్.

"గంటన్నర చూశారంటున్నావుగా. చూడకుండా ఎలా ఉంటారు?" అన్నాడు డాక్టరు.

బయటకు వచ్చేసరికి పదకొండున్నర. కారు బానెట్ మీద కాగితం పెట్టి, పేరు వెనక్కి తీసుకుంటున్నట్టు జవారిస్ సంతకం చేశాడు. ఫోనుతో ఫోటో తీసి కోచ్‌కూ కాలేజీ ఆఫీసుకూ పంపాడు. తర్వాత తల్లికి ఫోన్ చేశాడు. ఫ్యాక్టరీలో భోజనాల వేళ. స్పీకర్ పెట్టకపోయినా ఆవిడ గొంతు పక్క వరుస కార్ల దాకా వినిపిస్తోంది.

జవారిస్ ఉన్నదున్నట్టు చెప్పాడు. చీలిక, మరమేకు, నాలుగైదు నెలలు, జట్లకు సంగతి తెలిసిపోయింది, ఈ ఏడాది డ్రాఫ్టు లేదు. ఆవిడ అన్నీ విని అడిగింది.

"ఆ జట్లవాళ్లకి ఎవడు చెప్పాడురా నీ కాలి సంగతి?"

జవారిస్ విల్బర్ట్ వైపు చూశాడు. విల్బర్ట్ చూపు తిప్పుకోలేదు.

"నేనే చెప్పానమ్మా."

"నువ్వా? కన్నతల్లికి చెప్పకుండా దారినపోయే స్కౌటుగాళ్లకి చెప్పావా? జనవరి నుంచా? ప్రతి ఆదివారం ఫోన్ చేసి బాగున్నా, బాగున్నా అన్నావు కదరా గాడిదా! ఉండు, సెలవు పెట్టి వస్తున్నా. ఆ కాలు నేనే విరగ్గొడతా."

ఆవిడ తిడుతూనే ఉంది. జవారిస్ ఫోను చెవికి దూరంగా పట్టుకుని, ఎక్కమన్నట్టు విల్బర్ట్‌కు కారు చూపించాడు. విల్బర్ట్ ఎక్కి, పక్క సీటు వెనక్కి జరిపి, వాడి కాళ్లకు చోటు చేశాడు.