నానింగ్ నాయకుడి వేషం

మా అన్న వైకుంఠం హైదరాబాదు లాల్‌దర్వాజాలో వేషాల దుకాణం నడిపేవాడు. బడిపిల్లలకు, నాటకాలవాళ్ళకు కిరీటాలు, పట్కాలు, అట్ట కత్తులు అద్దెకిచ్చేవాడు. ఆయనకొక జిద్దు ఉండేది. వేసుకునేది ఎవరి వేషమో వాళ్ళ కథ చెప్పకుండా మూట కట్టేవాడు కాదు. పిల్లలు స్టూలు మీద కూర్చుని వినాల్సిందే. తల్లిదండ్రులు బయట స్కూటర్ హారన్ కొడుతూ ఉండేవాళ్ళు.

ఆయన పోవడానికి ముందటి ఏడాది, పంద్రాగస్టు దగ్గర పడుతుండగా, మా గల్లీలోనే ఉండే నందకిశోర్ తన కూతురు మాన్యను తీసుకుని వచ్చాడు. పరాయి పాలనను ఎదిరించిన నాయకుల పేర్లు బడిలో చీటీలు వేసి తీయించారట.

"డోల్ సయీద్ అట అన్నా. మలయా ఆయన. ఏదన్న ఒక ఏషం పడెయ్, పోతం."

"ఎవలాయన?"

"నాకేం తెల్సు? చీటీల గదే ఉంది."

"నాకు గూడ తెల్వదు. రేపు రాండ్రి."

"రేపు పొద్దుగూకితే ఎల్లుండే ప్రోగ్రాం! అన్నా, నీ ముచ్చట్లకు గిరాకీ ఉరుకుతది!"

"ఉరకనీ."

ఆ సాయంత్రమే అన్న ఆటో ఎక్కి మలక్‌పేటలో ఉండే సదాశివ సారు ఇంటికి వెళ్ళాడు. ఆయన చరిత్ర చెప్పి రిటైరయినవాడు. తిరిగొచ్చి అన్నానికి కూర్చున్నాడు. కలపకుండానే "ఇంగ్లీషు కంపెనీవోడు ఆయన మీదికి మద్రాసు సిపాయిలను పంపిండట్రా. మన దిక్కోల్లనే" అన్నాడు.

మర్నాడు మాన్య వచ్చేసరికి వేషం సిద్ధం. షేర్వానీ, తలకు జరీ పట్కా, నడుముకు పెద్ద కత్తి. మా దుకాణంలో వీరుడంటే అంతే. చివరగా అన్న జిగురు సీసా తెరిచి మీసం అందుకున్నాడు.

"తాతా, ఆయనకు మీసముండెనా?"

"తెల్వదు బిడ్డా."

"మరి ఎందుకు పెడుతున్నవ్?"

అన్న చేతిలో మీసంతో తనను తాను అద్దంలో చూసుకుని పెద్దగా నవ్వాడు. అన్నీ విప్పేశాడు. తెల్ల చొక్కా తొడిగి, మదీనా బజారులో కొన్న గళ్ళ లుంగీని దాని మీద నడుము చుట్టూ కట్టి, తలకు ఒక రుమాలు చుట్టాడు. సారు పుస్తకంలో చూసిన మలయా బొమ్మకు అదే దగ్గర.

అప్పుడు కథ మొదలుపెట్టాడు. దాదాపు రెండొందల ఏళ్ళ కిందట మలయాలో, మలక్కా రేవు పక్కన నానింగ్ అనే చిన్న సీమ. దాని పెద్ద డోల్ సయీద్. వాళ్ళు ఏటా మర్యాదకు కొన్ని వడ్లు మలక్కాకు పంపేవాళ్ళు. కంపెనీ వచ్చి, అలా కాదు, పంటలో పదో వంతు మాకు కట్టాలంది. ఆయన కట్టనన్నాడు. దండు వస్తే దారికి అడ్డంగా చెట్లు నరికి పడేయించాడు. మొదటిసారి సిపాయిలు ఫిరంగులు వదిలేసి వెనక్కి పరుగెత్తారు. మరుసటేడు ఇంకా పెద్ద దండు వచ్చింది.

"ఆఖరికి గెలిచిండా తాతా?"

వెనక నిలబడ్డ నందకిశోర్ గెలిచాడని చెప్పమని తల ఊపుతున్నాడు. అన్న చూశాడు.

"లే బిడ్డా. ఓడిండు. కంపెనీ చేతికి చిక్కిండు. మలక్కాల ఇల్లిచ్చి కూసోబెట్టిర్రు."

మాన్య రుమాలు తీసి బల్ల మీద పెట్టింది. "నాకొద్దు. నేను స్టేజీ ఎక్క."

"చూసినవా అన్నా? ఎన్నడు స్టేజీ ఎక్కని పిల్ల, మొదటిసారి ఒప్పుకున్నది. ఒక్క అబద్ధం చెప్తే నీ నోరు కాలుతుండెనా?"

అన్న పిల్ల ముందు కింద కూర్చున్నాడు.

"బోనాలకు ఘటం అలంకరించే జరీ బట్ట ఎక్కడికెల్లి పోతది?"

"మీ దుకాణంకెల్లి."

"ఒక ఏడాది బస్తీల ఒకడొచ్చి, ఇంత బట్ట పంపాలె, లేకుంటే గిరాకీ రాకుంట నీ దుకాణం ముందట టెంటు ఏస్తమన్నడు. నూలు పోగు గూడ ఇయ్యనన్న. ఏసిర్రు. పండుగంత గిరాకీ లేదు."

"అమ్మవారికి బట్ట?"

"నేనే భుజాన ఏస్కొని పోయి ఇచ్చొచ్చిన."

"టెంటు తీసిర్రా?"

"తియ్యలె."

మాన్య బల్ల మీది రుమాలు మళ్ళీ అందుకుంది. తర్వాత అడిగింది, "మీ ఇంట్ల వడ్లున్నయా తాతా?"

వడ్లు మా ఇంట్లో లేవు. అన్న గల్లీ అంతా తిరిగి, పావురాలకు గింజలు వేసే వాళ్ళింట్లో దోసెడు సంపాదించాడు.

మర్నాడు బడిలో అన్నా నేనూ చివరి వరుసలో నిలబడ్డాం. మాన్య కత్తి లేకుండా వచ్చింది. పిడికిలి తెరిచి వడ్లు చూపించి, "ఇవి మర్యాదకు ఇస్త" అంది. పిడికిలి మూసింది. "దబాయిస్తే ఇయ్య. నేను ఓడిపోయిన. అయినా ఇయ్యలె."

బహుమతి ఇంకెవరికో వచ్చింది. అన్న చప్పట్లు కొట్టడం మరచిపోయి, నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.

ఆ గళ్ళ లుంగీని ఆయన రాజుల అంగరఖాల మధ్య కొక్కేనికి తగిలించాడు. ఇప్పుడు దుకాణంలో నేను కూర్చుంటున్నాను. ఇదెవరిదని ఎవరైనా అడిగితే ముందు స్టూలు చూపిస్తాను.