తొక్కే సైకిలుకు చప్పుడుండదు

నాకు అరవై దాటాక అక్షరాలు వచ్చాయి. అంతకుముందు ఎందుకు రాయలేదంటే, నా చదువు చిన్నప్పుడే తెనాలి పక్కన ఒక కాలవలో మునిగిపోయింది. అక్షరాలు వచ్చాక కూడా ఆ సంగతి రాయాలనుకోలేదు. మొన్న సాయంత్రం రేపల్లెలో మా ఇంటి సందులో టిక్కుటిక్కుమని చప్పుడు వినబడింది. కత్తిపీట వదిలేసి బయటికి పరిగెత్తాను. మా మనవరాలు స్నేహ సైకిలు దిగి నడిపించుకుంటూ వస్తోంది.

“ఎవరు దింపారే నిన్ను?” అని అరిచాను.

“నన్నెవరు దింపుతారు నాయనమ్మా? చైను ఊడింది,” అని నవ్వింది.

తొక్కుతున్న సైకిలు చప్పుడు చేయదు. దిగి నడిపిస్తేనే వెనక చక్రం టిక్కుటిక్కుమంటుంది. ఈ తేడా నాకు కరుణమ్మత్త వల్ల తెలిసింది.

ఆమె మా పక్కింటావిడ. భర్త లేడు, పిల్లల్లేరు. తెనాలిలో ఒక ఆసుపత్రిలో ఆయా. పల్లె చివర మేముండే పేటలో అందరూ కూలివాళ్ళే. సైకిలున్నది ఆమె ఒక్కతికే. మా పేట పిల్లల పెద్దరికమంతా ఆ సైకిలు చుట్టూ తిరిగేది. ఊచలు తుడిచేవాళ్ళ కంటే బెల్లు కొట్టేవాళ్ళు గొప్ప. వాళ్ళ కంటే కాసేపు హ్యాండిలు పట్టుకునేవాళ్ళు గొప్ప. అందరి కంటే నేను గొప్ప, ఎందుకంటే వెనక క్యారియరు మీద కూర్చునేది నేనే. ఆసుపత్రి పక్కనున్న బడిలో చేర్పించి రోజూ అత్తే నన్ను తీసుకెళ్ళేది. “మార్తా రాణిగారొస్తున్నారు, దారివ్వండ్రా!” అని పిల్లలు వెక్కిరిస్తుంటే నేను కాళ్ళు ఇంకా బారగా చాపేదాన్ని.

ఆ రాణిగిరీ పెద్దవీధి మలుపు దాకానే. తెనాలి రోడ్డెక్కాలంటే భూములున్నవాళ్ళ ఇళ్ళ మధ్య నుంచి వెళ్ళాలి. అక్కడ మా పేటవాళ్ళెవరూ సైకిలు మీద కూర్చుని పోకూడదు. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. మలుపు రాగానే అత్త దిగేది, నన్నూ దింపేది. ఎందుకని అడిగితే ఒక రోజు “కాళ్ళు పట్టేశాయే” అనేది, ఇంకో రోజు “గాలి తగ్గిందే” అనేది. మేం నడుస్తుంటే చక్రం టిక్కుటిక్కుమనేది. అది వినబడుతున్నంతసేపూ అరుగుల మీదివాళ్ళు తలెత్తేవారు కాదు.

ఆ వీధిలో నా ఈడు పిల్లకు సొంతంగా చిన్న సైకిలుండేది. ఒక ఉదయం మా చుట్టూ గిర్రున తిరుగుతూ అడిగింది. “నా బుల్లి సైకిలే నన్ను మోస్తుంది. మీ పెద్ద సైకిలు మిమ్మల్ని మొయ్యదా ఏంటి?” తెలియకే అడిగింది, నాకూ తెలియదు. అత్త వీధి దాటేదాకా వడివడిగా నడిచింది.

మర్నాడు మలుపు దగ్గర దిగుదామని నేను కాలు జారవిడిచాను. “కాలు పైకెత్తు,” అంది అత్త. “గట్టిగా పట్టుకో.”

మొదటిసారి ఆ వీధిలో మా సైకిలు చప్పుడు చేయలేదు. అందుకే అందరూ తలలెత్తారు. ఎవరూ కేక వేయలేదు. పాలు పితుకుతున్నాయన చెంబు పట్టుకుని అలాగే చూస్తుండిపోయాడు.

ఆ తెల్లవారి నుంచి పేటలో ఎవరికీ పనికి పిలుపు రాలేదు. మినుము తీతల రోజులు, చేతినిండా కూలి దొరికే కాలం. ఉన్న నూకలు అయిపోయాక పెద్దవాళ్ళు వచ్చి కరుణమ్మత్త గుమ్మం ముందు కూర్చున్నారు. మా నాన్నా ఉన్నాడు.

“సైకిలు ఊళ్ళో కనబడకూడదంటున్నారు కరుణా,” అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

“అమ్మేస్తాలే.”

“అమ్మకూడదంట. అందరూ చూస్తుండగా నీ చేత్తోనే కాలవలో తొయ్యాలంట.”

అత్త మా నాన్న వైపు తిరిగింది. “నువ్వేమంటావురా యేసోబూ?”

నాన్న నేల చూశాడు. “నిన్న పిల్లలకి గంజి కూడా లేదక్కా.”

అత్త సైకిలు తీసింది. ఎక్కలేదు. పెద్దవీధి పొడుగునా టిక్కుటిక్కుమనిపిస్తూ నడిపించుకుపోయింది. ఈసారి అందరూ తలెత్తి చూశారు. కాలవ గట్టు మీద నుంచి తోసింది. నీళ్ళలో మునిగేలోపు చక్రం కాస్త తిరిగి ఆగింది.

మర్నాడు పనికి పిలిచారు. నాన్న నా పలక అటకెక్కించి నన్ను కూడా మినుము చేలోకి తీసుకెళ్ళాడు. పలక మీద అచ్చులింకా పూర్తి కాలేదు.

కరుణమ్మత్త ఆ తర్వాత పొలాల గట్ల వెంట చుట్టూ తిరిగి తెనాలికి నడిచే వెళ్ళింది. పెద్దవీధిలో మళ్ళీ అడుగు పెట్టలేదు. నాకు పెళ్ళయి రేపల్లె వచ్చేశాను. ఆమె మంచాన పడిందని తెలిసి చూడబోతే, గుర్తుపట్టి ఒకటే అడిగింది.

“సగంలో దిగలేదు కదే మనం?”

“లేదత్తా. వీధి చివరిదాకా తొక్కావు.”

“నువ్వూ కాలు కింద పెట్టలేదు,” అంది. అదే చివరి చూపు.

వయోజనుల తరగతిలో వేళ్ళు వంగక ఏడ్చిన రోజుల్లో ఆ మాటే పట్టుకున్నాను. అలాగని ధైర్యమొక్కటే మిగిలిందంటే అబద్ధం. ఇప్పటికీ ఆటో తెలియని వీధి మలుపు తిరిగితే నా కాలు నేల కోసం వెతుకుతుంది.

మొన్నటి మర్నాడు ఉదయం స్నేహ సైకిలుకి నేనే చైను ఎక్కించాను. మసి చేతులతో సందులోకి వచ్చి నిలబడ్డాను.

“ఏంటి నాయనమ్మా, అలా చూస్తావు?”

“నువ్వు పోవే, బడికి వేళైంది.”

అది ఎక్కి, అందరి ఇళ్ళ ముందు నుంచీ తొక్కుకుంటూ పోయింది. మలుపు తిరిగేదాకా చెవి ఒగ్గి విన్నాను. చప్పుడు లేదు.