వెనక్కి పిలుస్తారనుకున్నాను

ఆ రోజుల్లో మాట అనేది ఊరికే దొరికే సరుకని నేననుకునేవాణ్ణి. అనుకోక చస్తానా? పుట్టి పెరిగింది వాషర్‌మెన్‌పేటలో, జాకెట్టు ముక్కల అంగడి మేడ మీద. పొద్దున షట్టరు లేచింది మొదలు కింద మాటలే మాటలు. ఆడవాళ్ళు చీర చేత పట్టుకుని వచ్చి, దానికి సరిపోయే ముక్క ఏరి, రంగు చూడ్డానికి వాకిట్లో ఎండలోకి తీసుకెళ్ళి, "ఇది చిలకపచ్చ ఎట్లవుతుందన్నా, నీ కంటికేమన్నా పొర వచ్చిందా?" అని దెబ్బలాటకు దిగేవాళ్ళు. మా నాయన అంతకు రెట్టింపు దెబ్బలాడేవాడు. చివరికి ఇద్దరూ తామే గెలిచామనుకుని విడిపోయేవాళ్ళు. ఈ నాటకంలో అసలు ఘట్టం ఒకటుంది. బేరం తెగకపోతే కొనేవాళ్ళు ముక్కను బల్ల మీద పడేసి, "అయితే వద్దులే" అని మెట్లు దిగుతారు. పోవడానికి కాదు, పిలిపించుకోవడానికి. ఆ పిలిచే ఉద్యోగం మా చిన్నాన్నది. "అక్కా, రాండక్కా! ఇంత కోపమైతే ఎట్లా? ఈడ కూచోండి, మీ నోటితో మీరే చెప్పండి, ఎంతకియ్యాల?" తొందరగా పిలిస్తే మనకు వేరే గతి లేదని తెలిసిపోతుంది. ఆలస్యమైతే ఎదురంగడివాడు పిలిచేస్తాడు. చిన్నాన్న గొంతు సరిగ్గా ఆ రెంటికీ నడుమ లేచేది. వాకిలి దాటిన మనిషిని పిలవకుండా వదిలేయడమంటే మా ఇంట్లో అన్నం పెట్టకుండా పంపినంత తప్పు.

అట్లాంటి నన్ను తొమ్మిదో తరగతిలో తీసుకెళ్ళి ఊరి నడుమ ఉన్న ఒక పెద్ద మగపిల్లల స్కూల్లో వేశారు. (చేర్చుకునేటప్పుడు నాయన ఆఫీసు గుమాస్తాతో గంటసేపు వాదించి, రెండు జతల యూనిఫాం మీద ఒక టై కొసరు వేయించుకున్నాడు. ఆ టై ఇప్పటికీ నాకు స్కూలు మీద మా వంశం సాధించిన ఏకైక విజయంగా కనిపిస్తుంది.) అక్కడి పిల్లలంతా ఎల్‌కేజీ నుంచి ఒకే బెంచీల మీద అరిగినవాళ్ళు. ఎవరి జత వాళ్ళకుంది, ఎవరి తగాదా వాళ్ళకుంది. నన్నెవరూ ఏడిపించలేదు. ఏడిపించినా బాగుండేది, అందుకైనా నాలుగు మాటలు ఖర్చు పెట్టాలి కదా. మధ్యాహ్నం డబ్బా విప్పి "పులిహోర కావాలా?" అని పక్కవాణ్ణి అడిగితే "వద్దు ప్పా" అని అటు తిరిగేవాడు. నా జన్మలో అంత త్వరగా ముగిసిన బేరం మరొకటి లేదు. సాయంత్రం ఇంటికొచ్చాక చూసుకుంటే, ఆ రోజు మొత్తం నేను నోరు తెరిచింది హాజరు పలకడానికే అయ్యేది. (స్కూల్లో మాటలన్నీ తమిళంలో, ఉపన్యాసాలు ఇంగ్లీషులో జరిగేవి. ఇక్కడ తెలుగు చేసి ఇస్తున్నాను, కూలీ ఏమీ అడగను.)

శుక్రవారం చివరి పీరియడు డిబేటు జరిగేది. దాన్ని నడిపే మేష్టారికి మైకు సారు అని పేరు, ఎందుకంటే క్లాసులో మైకు లేకపోయినా పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని "హలో, హలో" అనందే పాఠం మొదలుపెట్టేవాడు కాదు. ఆయన మొదటి రోజునే రూలు చెప్పాడు: "అవతలివాడు ఎంత పనికిమాలిన మాట అన్నా సరే, నువ్వు దానికి జవాబు చెప్పి తీరాలి. చెప్పకపోతే మార్కులు పోతాయి." నేను ఉన్నచోటనే చెయ్యెత్తేశాను. జవాబు చెప్పి తీరాలట! ఈ స్కూల్లో అట్లాంటి చట్టం ఒకటుందని ముందే తెలిస్తే చేరిన రోజునే వచ్చి కూర్చునేవాణ్ణి కాదా? నాకు ఎదురుపక్షంగా తగిలినవాడు బ్యారిస్టరు. వాళ్ళ తాతగారి నల్లకోటు గురించి రోజూ చెప్పేవాడు కాబట్టి ఆ పేరు. కళ్ళజోడు సవరించుకుని, నా వైపు చెయ్యి చాపి, "నా గౌరవనీయ మిత్రుడు ఇప్పుడే సెలవిచ్చినట్టు..." అని మొదలుపెట్టేవాడు. కొండలు గొప్పవా సముద్రం గొప్పదా, కలం గొప్పదా కత్తి గొప్పదా, మైకు సారు ఏ పక్షం ఇస్తే ఆ పక్షం వాదించి, ప్రతి శుక్రవారమూ హాయిగా ఓడిపోయేవాణ్ణి. ఓడితే నాకేం? నేనన్న ప్రతి ముక్కనూ ఒక మనిషి విని, గుర్తుపెట్టుకుని, తిరిగి నాకే చెప్పేవాడు! సోమవారం వరండాలో ఎదురైతే మాత్రం ఆ గౌరవమూ ఉండదు, ఆ మిత్రుడూ ఉండడు. గోడ పక్కన పోతున్నట్టు పోయేవాడు.

ఆ ఏడాది చివర్లో మైకు సారు చెప్పాడు, వార్షికోత్సవం డిబేటే మాకు ఆఖరిదని. పదో తరగతిలో పబ్లిక్ పరీక్షలు, ఇంక మాటలుండవు. శుక్రవారాలు అయిపోయేలోపు ఈ మిత్రుణ్ణి సోమవారాలకు కూడా ఖాయం చేసుకోవాలి. ఎట్లా? నాకు తెలిసిన దారి ఒక్కటే. అంగట్లో ఎంత కొట్టుకున్నా, బేరం కుదిరిందంటే చాలు, మనుషులు మెత్తబడతారు. నాయన సోడా తెప్పిస్తాడు, ఆవిడ పిల్లల చదువుల గురించి చెప్తుంది, మరుసటి వారం చెల్లెల్ని వెంటబెట్టుకుని వస్తుంది. కాబట్టి బ్యారిస్టరుతో ఒక్క వాదన, ఒకే ఒక్కటి, తెగేదాకా లాగకుండా కుదుర్చుకోగలిగితే ఆ తర్వాత మేం స్నేహితులం కాక ఎక్కడికి పోతాం?

విషయం "విద్యార్థులకు యూనిఫాం అవసరమా?" అని. అవసరమని అతను, అక్కర్లేదని నేను. హాలు నిండా జనం. వేదిక మీద ముఖ్య అతిథి ఒక రిటైరైన పెద్ద అధికారి, భుజాన సన్మానం శాలువాతో, మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. నేను లేచి "యూనిఫాం అసలే వద్దు" అన్నాను. అది మొదటి ధర, దాన్ని ఎవరూ నమ్మకూడదు. బ్యారిస్టరు నమ్మి, చీల్చి చెండాడాడు. రెండో విడతలో నేను గొంతు తగ్గించి, "నా గౌరవనీయ మిత్రుడు ఇంతగా చెప్తున్నారు గాబట్టి, సరే. సోమవారం, మంగళవారం వేసుకుంటాం. మిగతా రోజులు మాకు వదిలేయమనండి" అన్నాను. హాలు గొల్లుమంది. మైకు సారు పిడికిలి నోటి దగ్గర్నుంచి నుదుటి మీదికి వెళ్ళింది.

"ఇది సిద్ధాంతం. సిద్ధాంతంలో సగానికి సగం ఉండదు" అన్నాడు బ్యారిస్టరు.

"బుధవారం కూడా కలుపుకో."

"కుదరదు!"

"పోనీ నీ మొహం చూసి గురువారం. ఆపైన నాకు గిట్టదు."

"అసలు మీరు ఏ పక్షం?" అని అరిచి, అతను తల వంచి కాగితం మీద ఏదో గీకడం మొదలుపెట్టాడు. పంతం పట్టాడనుకున్నాను. ఇంక మిగిలింది ఒక్కటే ఆయుధం. చేతిలో కాగితం మడిచి బల్ల మీద పడేసి, "అయితే వద్దులే" అని వేదిక దిగాను.

ఎంత మెల్లగా నడిచానో మీకు చెప్పలేను. పెళ్ళికూతురు కూడా అంత మెల్లగా నడవదు. సగం దారిలో వంగి, బాగానే ఉన్న బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాను. హాలంతా నిశ్శబ్దం. పాపం, పిలవడానికి ఎంత తన్నుకుంటున్నాడో అని బ్యారిస్టరు మీద జాలి కూడా పడ్డాను. తలుపు దగ్గర సగం తిరిగి, గొళ్ళెం పరీక్షించాను. పిలుపు లేదు. గొళ్ళేన్ని ఎంతసేపని పరీక్షిస్తాం? గడప దాటాను. దాటగానే హాలు దద్దరిల్లేలా చప్పట్లు! అందరూ కలిసి అతన్ని "పిలవరా" అని ఒత్తిడి చేస్తున్నారనుకుని, వరండాలో మంచినీళ్ళ కొళాయి దగ్గర నిలబడి కాలరు సర్దుకున్నాను. కొళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. లోపల ముందు బ్యారిస్టరు గొంతు, తర్వాత ముఖ్య అతిథి గొంతు వినిపించాయి. నా పేరు ఎవరి నోటా రాలేదు. అప్పుడు నాకు తెలిసింది, ఖాళీ వరండా ఎంత పొడుగుంటుందో.

చివరికి మైకు సారు పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, లోపలికి రా! పిలుస్తున్నారు!"

ప్రాణం లేచొచ్చింది. "బ్యారిస్టరు పిలిచాడా సార్?"

"వాడెందుకు పిలుస్తాడ్రా? వాడు గెలిచాడు. చీఫ్ గెస్టు పిలుస్తున్నారు!"

జరిగిందేమిటంటే, మన శాసనసభల పుణ్యమా అని లోపలివాళ్ళందరికీ నేను చేసింది వాకౌట్‌గా అర్థమైంది. ముఖ్య అతిథి కళ్ళు చెమర్చాయి. "నా సర్వీసు మొత్తంలో ఎన్ని మీటింగుల్లోంచి లేచిపోదామనుకున్నానో! ఒక్కనాడూ కాలు కదల్లేదు. ఈ అబ్బాయి లేచిపోయాడు!" అని తన శాలువా తీసి నాకు కప్పేశాడు. (పాలిస్టరు. జరీ అంచు కుట్టింది కూడా కాదు, అంటించింది. దుఃఖంలో ఉన్నా చెయ్యి ఊరుకోదు కదా.) ఆ రోజు నుంచి నా పేరు వాకౌట్. అప్పటిదాకా నోరు విప్పనివాళ్ళు కూడా పలకరించడం మొదలుపెట్టారు. కాకపోతే అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏం వాకౌట్, ఎప్పుడు పోతావ్?"

ఆ సాయంత్రం బస్టాపులో బ్యారిస్టరు ఉన్నాడు, చంకలో గెలిచిన కప్పుతో. తనే దగ్గరికొచ్చాడు. డిబేటు బయట అతను నాతో మాట్లాడటం అదే మొదలు.

"ఎందుకు పోయినావ్?"

"నువ్వు పిలుస్తావని."

"నేనెందుకు పిలుస్తాను?"

"పోయేవాణ్ణి పిలవాల గదా. మా అంగట్లో అందరికీ తెలుసు."

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను మీ అంగడికి ఎన్నడూ రాలేదు గదా ప్పా. నాకెట్లా తెలుస్తుంది?" జోడు మళ్ళీ పెట్టుకుని, "శుక్రవారం కూడా మీరు ఒప్పుకుంటే శనివారం మీకు వదిలేస్తానని రాసుకుంటా ఉన్నా. తలెత్తి చూస్తే నువ్వు లేవు" అన్నాడు.

ఎంత మొద్దుకైనా అర్థమవుతుంది, అప్పుడు నేను అనాల్సింది "అయితే రా, చూద్దువుగాని" అని. కానీ నేను మొద్దును కాదు కదా, వ్యాపారస్తుడి కొడుకుని. అమ్మేవాడు ముందు నోరు జారకూడదు, కొనేవాడే అడగాలి. "ఎక్కడ మీ అంగడి?" అని అతనడగాలని చూస్తూ నిలబడ్డాను. అతనూ నా మొహం చూస్తూ నిలబడ్డాడు. బస్సొచ్చింది. "సరే, పోతా" అని మెల్లగా, నాకిప్పుడు తోస్తోంది, అవసరమైనదానికంటే మెల్లగానే ఎక్కాడు. తొందరగా పిలిస్తే చులకన, ఆలస్యమైతే చేజారుతుంది అని నేను లోపల చిన్నాన్న కొలతలు వేస్తుండగానే బస్సు మలుపు తిరిగింది. పదో తరగతి పరీక్షలు మింగేశాయి. ఆపైన అతను సైన్సుకు, నేను కామర్సుకు పోయాం.

ఇప్పుడు ఆ అంగడి నాది. బ్యారిస్టరు బ్యారిస్టరు కాలేదు, పెరంబూరులో పళ్ళ డాక్టరయ్యాడు. (ఎదుటివాడు నోరు తెరిచి కూడా జవాబు చెప్పలేని వృత్తి చూసుకున్నాడు, జాణ.) మా బ్యాచి వాట్సాప్ గ్రూపులో నేనింకా వాకౌట్‌నే. ఈమధ్య ఒక పొద్దున చూస్తే, బ్యారిస్టరు గ్రూపులోంచి వెళ్ళిపోయాడని ఒక చిన్న గీతలాంటి వాక్యం కనిపించింది. "వాకౌట్, నీ శిష్యుడు!" అని ఒకడు, పళ్ళికిలించే బొమ్మలు నలుగురు. అంతే. ఎవరూ పిలవలేదు. నేను బల్ల మీద ముక్కలన్నీ అట్లాగే వదిలేసి ఫోన్ చేశాను.

"ఎందుకు పోయినావ్? ఎవడేమన్నాడు?"

"ఎవరది... వాకౌటా?" నవ్వాడు. "ఎవరూ ఏమన్లేదు ప్పా. ఫోన్లో జాగా లేదు. పొద్దున్నే అందరూ పూల బొమ్మలు పంపిస్తారు."

అతని వెనకాల ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు. పెట్టేస్తాడేమోనన్న భయంలో, ఏ లెక్కా వేయకుండా, "మా అంగడికి రా ఒకసారి. వాషర్‌మెన్‌పేటలోనే, అదే అంగడి" అన్నాను.

"వస్తాను... ఆ పక్క వచ్చినప్పుడు చూస్తాను" అన్నాడు.

ఈ వ్యాపారంలో తలపండినవాణ్ణి, ఆ మాట అని తిరిగొచ్చినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు. నాకు బాగా తెలుసు. తెలిసీ, ఆ మధ్యాహ్నం మెజెంటా రంగు ముక్క కోసం వచ్చిన ఒకావిడ నోటికొచ్చిన ధర అడిగితే, వాకిలి వైపు చూస్తూ "సరేనమ్మా, తీసుకెళ్ళండి" అనేశానట. పక్కనే ఉన్న మా ఆవిడ సాయంత్రం చెప్పింది, కొన్నావిడ మెట్లు దిగాక కూడా నమ్మలేక రెండుసార్లు వెనక్కి తిరిగి చూసిందని.